శుక్రవారం ఆటలు ఆపేయండి, ఇద్దరిద్దర్ని కలపండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరు మేనేజర్‌గా ఉన్న సాఫ్ట్‌వేర్ టీమ్‌లో మీతో కలిపి తొమ్మిది మంది. హైదరాబాద్‌లో నలుగురు, విజయవాడ, కాకినాడ, చెన్నై, పుణెల్లో ఒక్కొక్కరు, డాలస్‌లో ఒకరు. అందరూ ఇంటి నుంచే. పని టైముకి అవుతోంది, ఎవరి మీదా ఫిర్యాదు లేదు. కానీ ఏడాదిగా కలిసి పనిచేస్తున్నా ఎవరికి ఎవరూ ఏమీ కానట్టే ఉన్నారు. హెచ్‌ఆర్ చెప్పిందని శుక్రవారం నాలుగింటికి ‘ఫన్ ఫ్రైడే’ అని ఆటల వీడియో కాల్ పెడుతున్నారు. అందరూ కెమెరా ఆపి, మ్యూట్‌లో కూర్చుని, నాలుగున్నర కాగానే ‘హ్యాపీ వీకెండ్’ అని టైప్ చేసి వెళ్లిపోతున్నారు. కెమెరా తప్పనిసరి చేయాలా, ఇంకేదైనా చేయాలా, హెచ్‌ఆర్‌కి ఏం చెప్పాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఫన్ ఫ్రైడే ఆపేయండి. కెమెరా తప్పనిసరి చేయకండి. తొమ్మిది మందినీ ఒకేసారి దగ్గర చేద్దామనే ఆలోచన పక్కన పెట్టి, ఇద్దరిద్దరికి కలిసి చేసే పని ఇవ్వండి.

నేను చాలా ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ టీమ్‌లు నడుపుతున్నాను. 2020 మార్చి లాక్‌డౌన్ వరకు మాదాపూర్ ఆఫీసులో, ఆ తర్వాత ఎక్కువగా ఇంటి నుంచే. రెండు పద్ధతులూ చూసినవాడిగా రాస్తున్నాను.

ముందు ఆ శుక్రవారం కాల్‌లో ఎవరూ ఎందుకు మాట్లాడరో చూడండి. ఆఫీసు క్యాంటీన్‌లో తొమ్మిది మంది ఒక టేబుల్ దగ్గర కూర్చుంటే అక్కడ జరిగేది ఒక సంభాషణ కాదు, మూడు నాలుగు. ఈ చివర ఇద్దరు క్రికెట్ గురించి, ఆ చివర ముగ్గురు అప్రైజల్ గురించి మాట్లాడుకుంటుంటారు, మధ్యలో ఒకరు రెండు వైపులా చెవి వేసి తింటుంటారు. వీడియో కాల్‌లో ఇది కుదరదు. ఒకరు నోరు తెరిస్తే ఎనిమిది మంది వినాల్సిందే. జోకు వేసినా నవ్వు వినపడదు, అందరూ మ్యూట్‌లో ఉంటారు కదా. ఆ పరిస్థితిలో మొహమాటం ఉన్నవాళ్లు (మన టీమ్‌లలో సగం మంది వాళ్లే) చస్తే మాట్లాడరు. మాట్లాడే ఒకరిద్దరు ప్రతివారం వాళ్లే. మీ టీమ్‌వాళ్లు ముభావంగా ఉండే రకమని అనుకోకండి. తొమ్మిది మంది కాల్ ఎక్కడైనా అంతే.

ఇప్పుడు ఒక పని చేయండి. కాగితం మీద మీ పేరు వదిలేసి మిగతా ఎనిమిది పేర్లు గుండ్రంగా రాయండి. గత రెండు వారాల్లో మీరు లేకుండా, మీరు చెప్పకుండా, ఏ ఇద్దరు ఒకరికొకరు ఫోన్ చేసుకున్నారో వాళ్ల మధ్య గీత గీయండి. ఎనిమిది మందికి 28 జతలు అవుతాయి. మీ కాగితం మీద నాలుగైదు గీతలకి మించి ఉండవని నా అంచనా, అవి కూడా హైదరాబాద్ వాళ్ల మధ్యే. మిగతా మాటలన్నీ మీ ద్వారానే నడుస్తున్నాయి. అంటే వాళ్లందరికీ మీరు తెలుసు, వాళ్లకి వాళ్లు తెలియదు.

ఇది మీ ఒక్కరి సమస్య కూడా కాదు. మైక్రోసాఫ్ట్ తన అమెరికా ఉద్యోగులు 61 వేల మందికి పైగా 2020 మొదటి ఆరు నెలల్లో ఎవరితో ఎలా మాట్లాడుకున్నారో, పేర్లు తీసేసిన లెక్కలతో చూసింది. ఆ పరిశోధన 2021లో నేచర్ హ్యూమన్ బిహేవియర్ పత్రికలో వచ్చింది. ఇంటి నుంచి పనికి మారాక గుంపులు ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి, ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ మధ్య ఉండే సంబంధాలు తగ్గాయి, నేరుగా మాట్లాడుకోవడం తగ్గి మెయిళ్లు, మెసేజ్‌లు పెరిగాయి.

‘అందుకే అందర్నీ ఆఫీసుకి రమ్మనాలి’ అని ఎవరో ఒకరు ఈ సమాధానం కింద రాస్తారు, కాబట్టి దాని సంగతి కూడా చెప్పేస్తాను. ఎంఐటీలో థామస్ అలెన్ అనే ప్రొఫెసర్ 1970ల్లోనే ఇంజనీర్లు ఒకరితో ఒకరు ఎంత తరచుగా మాట్లాడుకుంటారో వాళ్ల సీట్ల మధ్య దూరంతో పోల్చి చూశాడు. దూరం పెరిగేకొద్దీ మాటలు ఒక్కసారిగా పడిపోతాయి, 30 మీటర్లు దాటితే దాదాపు అడుగంటుతాయి. అంటే ఒకే బిల్డింగ్‌లో నాలుగో అంతస్తు, ఏడో అంతస్తు వాళ్లు కూడా ఒకరికొకరు రిమోటే. ఆఫీసుకి వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పుణెవాళ్లతో కాల్‌లో ఉండి ఇంటికెళ్లిపోయే టీమ్‌లు గచ్చిబౌలిలో కావలసినన్ని.

అలాగని ఇంట్లో అంతా హాయి అని కూడా కాదు. చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ 2010 చివర్లో షాంఘై కాల్ సెంటర్‌లో తొమ్మిది నెలల ప్రయోగం చేసింది. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ నికోలస్ బ్లూమ్ బృందం దాన్ని లెక్కకట్టింది. ఇంటి నుంచి చేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది. అయినా ప్రయోగం అయ్యాక మళ్లీ ఎంచుకోమంటే, పాల్గొన్నవాళ్లలో సగానికి పైగా తమ నిర్ణయం మార్చుకున్నారు. ఇంటి నుంచి ఆఫీసుకి తిరిగొచ్చినవాళ్లు ముఖ్యంగా చెప్పిన కారణం ఒంటరితనం. పని బాగా జరగడం, మనిషి బాగుండటం వేర్వేరు సంగతులు. మీ టీమ్ టైముకి డెలివర్ చేస్తోంది కాబట్టి మీకు రెండోది కనపడటానికి ఇంత కాలం పట్టింది.

ఇక ఏం చేయాలన్న దానికి వద్దాం.

ఒక పనికి ఇద్దరు. ప్రతి స్ప్రింట్‌లో (కొన్ని వారాల పని విడతలో) కనీసం రెండు మూడు పనులు ఒకరికి కాకుండా జతకి ఇవ్వండి. కాగితం మీద గీత లేని జతనే ఎంచుకోండి. సగం నువ్వు, సగం నువ్వు అని ముక్కలు చేసి ఇస్తే లాభం లేదు, ఎవరి ముక్క వాళ్లు చేసుకుని చివర్లో అతికిస్తారు. ఒక స్క్రీన్ మీద ఇద్దరూ కూర్చుంటే తప్ప తేలని పని ఉండాలి. అంతుచిక్కని బగ్, పాత కోడ్ మార్చడం, డేటా తేడా ఎక్కడొస్తోందో వెతకడం లాంటివి.

నా టీమ్‌లో జరిగింది చెప్తాను. రాత్రిపూట దానంతటదే నడిచే ఒక ప్రోగ్రాం (జాబ్ అంటాం) వారానికి ఒకసారి మాత్రమే ఫెయిల్ అయ్యేది. రాజమండ్రిలో ఉన్న అమ్మాయికీ, నాగ్‌పూర్‌లో ఉన్న అతనికీ కలిపి ఇచ్చాను. అంతకుముందు వాళ్లిద్దరి మధ్య ‘ప్లీజ్ రివ్యూ’, ‘డన్’ తప్ప మాట లేదు. మొదటి రోజు కాల్‌లో నేను కూడా కాసేపు ఉన్నాను. ఆ జాబ్ ఏం చేసిందో నమోదయ్యే లాగ్ ఫైల్ పైకీ కిందకీ తిప్పుతున్నారు, చాలాసేపు ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు, కీబోర్డ్ చప్పుడు మాత్రమే. మధ్యలో ఆ అమ్మాయి ఇంట్లో కుక్కర్ కూత వేసింది. ఆమె కంగారుగా మ్యూట్ చేయబోతే అతను ‘పర్లేదు, ఎన్నోది?’ అని అడిగాడు. ‘రెండోది, మూడోదానికి లేవాలి’ అంది. అంతే, మళ్లీ లాగ్‌లోకి వెళ్లిపోయారు. మూడో కూతకి అతనే గుర్తుచేశాడు. ఆ బగ్ తేలడానికి ఇంకొన్ని రోజులు పట్టింది, టైమ్‌జోన్ తేడా అది. కానీ ఆ తర్వాత నుంచి వాళ్లిద్దరూ నన్ను అడగకుండా ఒకరికొకరు ఫోన్ చేసుకునేవాళ్లు. ఏ క్విజ్ పెట్టినా ఇది రాదు. పక్కన పని ఉంది కాబట్టి మౌనం ఇబ్బంది పెట్టదు, మాట్లాడాలన్న బలవంతం లేదు కాబట్టి మాట దానంతటదే వస్తుంది.

దీనికి మేనేజర్‌గా మీరు కొంత మూల్యం చెల్లించాలి. జతగా చేసే పని మొదట్లో నెమ్మదిగా సాగుతుంది. ‘ఒకరితో అయ్యేదానికి ఇద్దరెందుకు’ అని పైవాళ్లు అడుగుతారు. జవాబు సులువే: ఆ మాడ్యూల్ తెలిసినవాళ్లు ఇప్పుడు ఇద్దరు, ఒకరు సెలవు పెడితే రిలీజ్ ఆగదు. ఇది నిజమైన కారణమే, సాకు కాదు. ‘టీమ్ బాండింగ్’ అని మాత్రం చెప్పకండి, బడ్జెట్ తగ్గించేటప్పుడు ముందు కోసేది దాన్నే.

మూడో కామెంట్ తర్వాత ఫోన్. టెస్టర్లకీ డెవలపర్లకీ మధ్య టికెట్ (బగ్ నమోదు చేసే పేజీ) మీద జరిగే యుద్ధాలు మీకు తెలిసే ఉంటాయి. ‘నాట్ రీప్రొడ్యూసిబుల్’ (నాకు ఆ తప్పు రావట్లేదు) అని డెవలపర్ మూసేస్తాడు, ‘స్టెప్స్ క్లియర్‌గా ఇచ్చాను, దయచేసి చదవండి’ అని టెస్టర్ మళ్లీ తెరుస్తుంది, లీడ్‌ని కాపీలో పెడుతుంది. ఎదురుగా ఉంటే చనువుగా ‘అరే, ఇటు రా, చూపిస్తా’ అనే మాట రాతలోకి వచ్చేసరికి నోటీసు అవుతుంది. మా టీమ్‌లో నియమం ఒకటే: ఒక టికెట్ మీద ఇద్దరి మధ్య మూడు కామెంట్లు అయ్యాక నాలుగోది రాయకూడదు, కాల్ చేయాలి. కాల్ అయ్యాక తేలిన సంగతి ఒక్క లైన్‌లో టికెట్ మీద పెట్టాలి. మొదట్లో నేనే వెళ్లి ‘కాల్ ప్లీజ్’ అని పెట్టేవాణ్ణి, తర్వాత వాళ్లకే అలవాటైంది.

మీరు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడే కాల్. వారం వారం ఉండే ఉంటుంది, స్టేటస్ అడగడంతోనే అయిపోతూ ఉంటుంది కూడా. స్టేటస్ చాట్‌లో తీసుకోండి. ‘ఎలా ఉన్నారు’ అంటే ‘బాగున్నానండి’ తప్ప ఇంకో జవాబు రాదు. పోయినసారి మాట్లాడిన దాని గురించి అడగండి: నాన్నగారి కంటి ఆపరేషన్ అయిందా, పాపకి స్కూల్లో సీటొచ్చిందా, ఇల్లు మారారా. గుర్తుండకపోతే రాసిపెట్టుకోండి, కానీ మీ సొంత డైరీలో. ఇంట్లోవాళ్ల ఆరోగ్యం గురించి చెప్పినవి కంపెనీ షేర్డ్ ఫైళ్లలో ఉండకూడదు.

ఒక హెచ్చరిక. దగ్గరితనం పేరుతో మనవాళ్లు అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ‘పెళ్లెప్పుడు’, ‘పిల్లలు ఇంకా లేరా’, ‘ప్యాకేజీ ఎంత’. వీటన్నిటికంటే చేటు చేసేది ‘మీ ఇంటిపేరేంటండీ’. ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో అడిగినవాడికీ తెలుసు, చెప్పేవాళ్లకీ తెలుసు. ఆఫీసులో అయితే ఇలాంటి ప్రశ్న ఎదురైనవాళ్లు టీకి వెళ్లి వేరే స్నేహితుడి దగ్గర తిట్టుకుని తేలికపడతారు. ఇంట్లో ఒక్కరే ఉంటే ఆ ఊరట కూడా లేదు, ఆ రోజు నుంచి మాట తగ్గించేస్తారు, కారణం మీకు ఎప్పటికీ తెలియదు. టీమ్‌లో ఎవరైనా అడగడం మీ చెవిన పడితే నవ్వి ఊరుకోకండి, విడిగా పిలిచి ఒక్క మాటలో ఆపండి.

భాష సంగతి. మీరు చెప్పలేదు కానీ చెన్నై, పుణె వాళ్లకి తెలుగు రాకపోవచ్చు. మిగతావాళ్లంతా తెలుగువాళ్లయితే కాల్ ఇంగ్లీషులో మొదలై, రెండో నిమిషంలో ‘అదే బ్రో, మొన్న చెప్పా కదా’ అని తెలుగులోకి జారిపోతుంది. జారినవాళ్లకి తెలియదు. అటు పక్క మనిషి మాత్రం కెమెరా ఆపేసి వేరే పని చూసుకుంటాడు. తెలుగు మానేయమని నేను అనను, సొంత భాషలో మాట్లాడుకుంటేనే చనువు వస్తుంది. ఇద్దరి కాల్‌లో ఏ భాషైనా సరే, తెలియనివాళ్లు ఒక్కరున్నా అందరికీ వచ్చిన భాషే. ఎవరైనా జారితే మీరు ఇంగ్లీషులో జవాబివ్వండి, చాలు, దారిలోకి వస్తారు.

కెమెరా విషయంలో నా పట్టు గట్టిది. స్టాన్‌ఫర్డ్‌లో జెరెమీ బైలెన్‌సన్ 2021లో వీడియో కాల్ అలసటకి నాలుగు కారణాలు రాశాడు: అంత దగ్గరగా అంతసేపు ఇతరుల ముఖాలు కళ్లలోకి చూస్తున్నట్టుండటం, మన ముఖం మనమే చూసుకుంటూ ఉండటం, కదలకుండా కూర్చోవడం, తల ఊపడం లాంటి మామూలు సైగలకి కూడా శ్రమపడటం. దీనికి మన ఇళ్ల సంగతి కలపండి. రెండు గదుల ఇల్లు, వెనక మంచం మీద అత్తగారు, తలుపు దగ్గర పిల్లాడు. అలాంటి ఇంట్లో ఉన్న అమ్మాయి కెమెరా ఆపిందంటే మీ మీద కోపం కాదు. స్టాండప్ (రోజూ టీమంతా కలిసే చిన్న మీటింగ్) లాంటి పెద్ద కాల్స్‌లో ఎవరిష్టం వారిది. ఇద్దరే ఉన్న కాల్‌లో మీరు ఆన్ చేసి ఉంచండి, ఎదుటివాళ్లని అడగకండి. చాలామంది కొన్నాళ్లకి వాళ్లే ఆన్ చేస్తారు, చేయనివాళ్లని వదిలేయండి. వాళ్లు ఫోన్‌లో బాగా మాట్లాడొచ్చు.

అలాగే నిఘా. మైక్రోసాఫ్ట్ టీమ్స్ యాప్‌లో ఐదు నిమిషాలు మౌస్ కదలకపోతే మన పేరు పక్కన చుక్క పసుపు రంగులోకి మారుతుంది. ఆ చుక్క చూసి ‘ఉన్నారా?’ అని మెసేజ్ పెట్టే లీడ్ ఉన్న టీమ్‌లో పైవన్నీ దండగ. ఇంకేం చెప్పక్కర్లేదు.

కొత్తగా చేరినవాళ్లు వేరే కథ. మీ టీమ్‌లో ఫ్రెషర్ ఉంటే ముందు వాళ్లని చూడండి. మిగతావాళ్లకి కనీసం పాత స్నేహాలున్నాయి, వీళ్లకి కాలేజీ అయ్యాక చేరిన మొదటి ఉద్యోగమే ఒక గదిలో ఒక లాప్‌టాప్. డౌట్ వస్తే ఎవరిని అడగాలో తెలుసు, అడగొచ్చో లేదో తెలియదు. ‘ఎప్పుడైనా అడుగు’ అంటే ఎప్పుడూ అడగరు. రోజూ ఒక గంట, ఉదాహరణకి పదకొండు నుంచి పన్నెండు, ఒక సీనియర్‌తో కాల్ తెరిచే ఉంచమనండి. ఇద్దరూ ఎవరి పని వాళ్లు చేసుకుంటుంటారు, డౌట్ వస్తే మ్యూట్ తీసి అడుగుతారు. ఆఫీసులో పక్క సీటు చేసే పని ఇది. ఆ సీనియర్ మీరు కాకూడదు, అప్రైజల్ రాసేవాళ్ల ముందు ఎవరూ చిన్న డౌట్ అడగరు.

కష్టం వచ్చినప్పుడు టీమ్ అసలు రంగు తెలుస్తుంది. మా టీమ్‌లో శ్రీకాకుళం వైపు ఒకబ్బాయి నాన్నగారు పోయారు. గ్రూపులో నిమిషంలో అందరూ ‘ఓం శాంతి’, చేతులు జోడించిన బొమ్మలు పెట్టేశారు. అది తప్పేం కాదు, కానీ అక్కడితో ఆగిపోతే ఏమీ చేయనట్టే. వైజాగ్‌లో ఉన్న ఇద్దరు మర్నాడు పొద్దున్నే కారులో వెళ్లి వచ్చారు, వాళ్లలో ఒకరు అతన్ని అంతకుముందు ఎన్నడూ నేరుగా చూడలేదు. ఇంకొకరు అతని ఆన్‌కాల్ డ్యూటీ (సిస్టమ్‌లో సమస్య వస్తే వెంటనే చూడాల్సిన బాధ్యత) తన పేరు మీదకి మార్చుకుని, అతనికి ఆ సంగతి చెప్పాల్సిన అవసరం కూడా లేకుండా చేశారు. పెద్దకర్మ అయ్యి తిరిగి చేరే రోజు స్టాండప్‌కి ముందే నేను ఫోన్ చేసి, కాల్‌లో ఎవరూ ఆ ప్రస్తావన తేకుండా ఉండటం కావాలా, ఒక మాట చెప్పడం కావాలా అని అడిగాను. ‘వద్దు సార్, పని ఇవ్వండి’ అన్నాడు. అలాగే చేశాం. ఇలాంటప్పుడు ఎవరు ఫోన్ చేయాలి, ఎవరు వెళ్లగలరు అనేది మీరే చూడాలి, ఎవరో ఒకరు చూస్తారులే అనుకుంటే ఎవరూ చూడరు.

ఏడాదికి రెండుసార్లైనా అందరూ ఎదురెదురుగా కలవాలి. దీనికి బదులు ఇంకేదీ లేదు. మీటింగ్ హైదరాబాద్‌లో పెట్టకండి. హైదరాబాద్ వాళ్లు ఆరింటికి ట్రాఫిక్ అని ఇళ్లకి వెళ్లిపోతారు, బయటినుంచి వచ్చినవాళ్లు హోటల్ గదుల్లో మిగిలిపోతారు. విజయవాడ బాగుంటుంది, హైదరాబాద్, కాకినాడ, చెన్నై మూడింటినుంచీ రైలు సుఖం. పొద్దున్న నిజమైన పని పెట్టండి: వచ్చే మూడు నెలల ప్లాన్, వాయిదా పడుతున్న డిజైన్ గొడవ ఏదైనా. మోటివేషనల్ స్పీకర్‌ని పిలవకండి, దయచేసి. మధ్యాహ్నం తర్వాత ఖాళీగా వదిలేయండి. మర్నాడు పొద్దున్నే నలుగురు బాబాయ్ హోటల్‌కి ఇడ్లీకి బయల్దేరితే మీ ఖర్చు గిట్టుబాటైనట్టే. చిన్నపిల్లలున్నవాళ్లకి రెండు నెలల ముందు తేదీ చెప్పండి, ఒక్క రాత్రికే పరిమితం చేయండి, రాలేకపోతే కారణం అడగకండి.

డాలస్ మనిషిని మర్చిపోకండి. వేసవిలో పదిన్నర గంటల తేడా, నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం వరకు పదకొండున్నర. ఇక్కడ రాత్రి ఏడున్నర కాల్ చలికాలంలో ఎనిమిదిన్నర అవుతుంది, పిల్లల అన్నాల వేళ. ప్రతిసారీ ఇక్కడివాళ్లే సర్దుకుంటే లోపల్లోపల ‘ఆన్‌సైట్ దొర’ అనే మాట పుడుతుంది, పాపం అతనికి తెలియను కూడా తెలియదు. నెలకొకసారైనా అతను తన రాత్రి పూట కాల్ తీసుకునేలా మార్చండి. అతన్ని కూడా ఏదో ఒక జతలో వేయండి, పని అప్పగించే హ్యాండోవర్ మెయిల్‌కి బదులు పదిహేను నిమిషాల కాల్ అయినా సరే.

అందరూ స్నేహితులవ్వాలని ఆశించకండి. ఉద్యోగం ఉద్యోగమే, నా స్నేహితులు నాకు వేరే ఉన్నారు అనుకునేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు, చాలాసార్లు మంచి పనివాళ్లు వాళ్లే. అవసరమైనప్పుడు మొహమాటం లేకుండా ఫోన్ ఎత్తి అడగగలిగితే నాకు చాలు.

చివరిగా హెచ్‌ఆర్‌కి ఏం చెప్పాలని అడిగారు. లెక్క చెప్పండి: వారానికి అరగంట, నెలకి రెండు గంటలు, తొమ్మిది మందికి 18 పనిగంటలు. ఆ 18 గంటలు జతపనికి వాడతానని, మూడు నెలలయ్యాక ఆ కాగితం మీద గీతలు ఎన్ని పెరిగాయో చూపిస్తానని అనండి. పేర్లు మాత్రం తీసేసి చూపించండి. లేదు, శుక్రవారం కాల్ ఉండి తీరాలి అంటే, ఉంచండి, కానీ ఆటలు తీసేసి ముగ్గురేసి చొప్పున మూడు బ్రేకౌట్ గదుల్లో (ఒకే కాల్‌లో విడివిడిగా ఉండే చిన్న కాల్స్‌లో) వేయండి, ప్రతివారం మనుషులు మారాలి. టాపిక్ ఇవ్వకండి. మీరు కూడా ఒక గదిలో ఉండండి, గది నుంచి గదికి తిరగకండి. ఇరవై నిమిషాలు కాగానే అందర్నీ వదిలేయండి, మిగిలిన పది నిమిషాలు వాళ్లవి.